చివరి బెంచీ నుంచి కొలత

హార్డ్‌వేర్ షాపులో ఎవరో రంగుల్లో కలిపే అవిసె నూనె డబ్బా మూత తీశారు. కొనాల్సిన మేకులు మర్చిపోయి కాసేపు అక్కడే నిలబడ్డాను. ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో, రెండేళ్ళ పాటు నా చొక్కాలన్నీ ఆ వాసనే వేసేవి. అప్పుడు నేను ఎట్టోరె దగ్గర పనిచేసేవాణ్ణి.

ఎట్టోరె ఇటలీ నుంచి వచ్చిన అలంకార చిత్రకారుడు. చర్చి గోడల మీద తీగలు, పూలు, రాతిలో చెక్కినట్టు కనిపించే అంచులు వేయడమే జీవితమంతా ఆయన చేసిన పని. దేవదూతలను వేసినవాళ్ళకు పేరొచ్చేది. వాళ్ళ చుట్టూ అంచు వేసిన మనిషి పేరు ఎక్కడా ఉండేది కాదు. నేను గుంటూరు నుంచి వచ్చిన, ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఉద్యోగం పోయి ఆయన దగ్గర చేరాను. సున్నం కొట్టిన తెల్లగోడల చర్చిలో పెరిగినవాణ్ణి. ఆ పూలన్నీ నాకు అనవసరంగా తోచేవి. మొదటి రోజే ఆ మాట అనేశాను.

"మంచిదే, ప్రొఫెసర్," అన్నారాయన, నా సంచిలోని పుస్తకం చూసి. "పూలంటే మోజున్నవాడు ఒకటి ఎక్కువ వేస్తాడు. నువ్వు వెయ్యవు."

ఆయనకో అలవాటుండేది. రెండు గజాల అంచుకు పెన్సిల్ గుర్తులు పెట్టగానే పరంజా దిగి, చివరి బెంచీలో కూర్చుని చూసేవారు. మళ్ళీ ఎక్కి ఒక ఆకును కాస్త జరిపేవారు. డెబ్భై ఏళ్ళ మోకాళ్ళతో రోజంతా ఎక్కడం, దిగడం.

"టేప్ పెట్టి కొలిస్తే సరిపోదా?" అని అడిగాను.

"టేప్ వచ్చి ప్రార్థనలో కూర్చుంటుందా?"

ఒక పాత చర్చిలో గోడ అంచు పని దొరికింది. నచ్చితే పైకప్పు అలంకారం కూడా ఇస్తామన్నారు ఫాదర్. ఆ పైకప్పు కోసమే ఎట్టోరె ఆ వయసులోనూ పని మానలేదు. చివరి భాగం మిగిలుండగా ఓ రోజు ఆయన డాక్టర్ దగ్గరికి వెళ్ళారు. నేను ఆయన గుర్తులను టేపుతో కొలిచాను. ఆకుల మధ్య దూరాలు సమానంగా లేవు. ఆయన చూపు తగ్గిందనుకుని, అన్నీ సమానం చేసి రంగు వేసేశాను.

మర్నాడు పరంజా విప్పాక తెలిసింది. ఆ గోడే వంకర. అది కంటికి తెలియకుండా ఉండాలనే ఆయన దూరాలు మార్చారు. నేను వేసిన భాగం కింది నుంచి చూస్తే పక్కకు జారిపోతున్నట్టుంది.

ఫాదర్ తలెత్తి చూశారు. "ఎట్టోరె, నీ కళ్ళు ఇంకా పనిచేస్తున్నాయా?"

నేను పక్కనే ఉన్నాను. ఎట్టోరె నా వైపు ఒకసారి చూశారు. నేను వంగి పరంజా తాళ్ళు చుట్టడం మొదలుపెట్టాను.

"వయసు, ఫాదర్," అన్నారాయన.

ఆ సాయంత్రం నా భార్య సుజాతకు చెప్పాను.

"మీరక్కడే ఉన్నారుగా అండీ?"

"ఉన్నాను."

"మరి?"

కంచం ముందు నుంచి లేచిపోయాను.

పొద్దున్నే వెళ్ళి ఫాదర్‌తో అంతా చెప్పాను. పైకప్పు పని నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశానన్నారాయన. అక్కణ్ణుంచి ఎట్టోరె ఇంటికి వెళ్ళాను.

"నాకు తెలుసు," అన్నారు కాఫీ పోస్తూ. "అంత తిన్నని తప్పు నేనెప్పుడూ చెయ్యలేదు."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

"నువ్వంటావేమోనని చూశాను."

తర్వాత ఆయన పరంజా ఎక్కలేదు. రెండు చలికాలాలు గడిచాక పోయారు. నాకు మళ్ళీ డ్రాఫ్టింగ్ ఉద్యోగం దొరికింది. పనిలో తప్పు జరిగితే, నాదైతే, ఎవరూ అడక్కముందే అందరి ముందూ చెప్పేసేవాణ్ణి. నిజాయితీపరుణ్ణని ఆఫీసులో పేరొచ్చింది. రిటైరైన రోజున కూడా ఆ మాటే అన్నారు. అదెవరి ఖర్చుతో వచ్చిందో వాళ్ళకు చెప్పలేకపోయాను.