నాన్నగారి ట్రక్కుకి మా కూలరు రేకు

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నన్ను చీమ కుట్టిందంటే మా ఇంట్లోవాళ్ళు ఏనుగు అడుగుల కోసం వెతుకుతారు. అయినా ఈ సంగతిలో పూర్తిగా కల్పించింది ఒక్కటే, అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

మొన్న గురుగ్రామ్‌లో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో కారు ఆపి దిగి నాలుగడుగులు వేశానో లేదో, కాపలా కుర్రాడు వెనకే పరుగున వచ్చి, "సర్‌జీ, గాడీ బంద్ నహీ హుయీ, పంఖా చల్ రహా హై" అన్నాడు. బండి ఆగిపోయింది, ఫ్యానే కాసేపు తిరిగి దానంతట అదే ఆగుతుందిలే భయ్యా అని పంపేశాను గానీ, ఆ ఫ్యాన్ హోరు నన్ను తొంభైల నాటి ఢిల్లీ కంటోన్మెంట్‌కి లాక్కుపోయింది.

నాన్నగారు ఆర్మీ వర్క్‌షాప్‌లో మెకానిక్. ఆ ఏడు మే నెలాఖరుకి రిటైర్మెంటు. నేనేమో నోయిడాలో ఒక ఫ్యాక్టరీలో కొత్తగా చేరి, ఇంజన్ల గురించి బ్రహ్మదేవుడికి కూడా సలహా ఇవ్వగలనన్న ధీమాలో ఉన్నవాణ్ణి. అక్కడ ఒక ఆచారం ఉండేది: రిటైరయ్యే మనిషిని బండెక్కించి, బండికి తాళ్ళు కట్టి, తోటివాళ్ళంతా గేటు దాకా లాగి సాగనంపుతారు. నాన్నగారు మాత్రం, జన్మంతా ఆగిపోయిన బళ్ళని నడిపించినవాణ్ణి, ఆగిన బండి మీద కూర్చుని వెళ్ళనా అని పట్టుబట్టారు. తన చేత్తో బతికించిన పాత ట్రక్కుని, నాకంటే వయసులో పెద్దదాన్ని, తానే నడుపుకుంటూ గేటు దాటుతానన్నారు. పై అధికారి నవ్వి సరేనన్నారు.

తాళ్ళు కట్టే పెద్దరికం నాన్నగారి ప్రాణస్నేహితుడైన సర్దార్ అంకుల్‌ది. "అరే ఉస్తాద్, ఆ ముసలి బుఢియా గేటు దాకా ఎక్కడొస్తుంది? దారిలోనే అందరికీ చాయ్ కాచి పోస్తుంది! తాళ్ళు నా దగ్గర తయ్యార్," అని మీసం తిప్పాడు.

ఆయనన్నదీ నిజమే. రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు ఎదురుగాలికి ఆ ట్రక్కు చల్లగానే ఉండేది. ఊరేగింపు నడకకి మాత్రం గాలి చాలక, రేడియేటర్ ఆవిరి కక్కేది. దాని నాలుగు రెక్కల ఫ్యాన్ ఇంజను కడుపులో మంటని చల్లార్చలేకపోయేది. పెద్ద ఫ్యాన్ బిగిద్దామంటే, చలిలోనూ ఎండలోనూ ఒకేలా తిరిగి ఇంజను బలమంతా తినేస్తుంది. అందుకని నాన్నగారూ నేనూ మాయాపురి పాత సామాన్ల బజారంతా గాలించి, క్లచ్ ఉన్న ఏడు రెక్కల ఫ్యాన్ ఒకటి పట్టుకొచ్చాం. మధ్యలో ఉండే ఆ క్లచ్, చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాన్‌ని తీరిగ్గా తిరగనిస్తుంది, వేడి తగిలితే మాత్రం గట్టిగా పట్టుకుని ఉరికిస్తుంది.

బిగించబోతే రెక్కలు రేడియేటర్‌ని గీరుకుంటున్నాయి. రేడియేటర్‌ని వేలెడు ముందుకి జరపడానికి భూమినే జరిపినంత శ్రమపడ్డాం. పాత ఫ్యాన్ నట్టుకి మర తిరగేసి ఉంది, అది తెలియక నేను విప్పుతున్నాననుకుంటూ భీముడిలా బిగించి పెట్టాను. ఇక గాలి పక్కలకి పోకుండా ఫ్యాన్ చుట్టూ రేకు తొడుగు కావాలి. నాన్నగారి చూపు మా ఇంటి కూలరు మీద పడింది. ఆ నడి మే నెల ఎండల్లో దాని వెనక రేకు ఊడదీసి, గుండ్రంగా కోసి, ట్రక్కుకి తొడిగేశారు.

"బండికి చల్లగా ఉండాలి, మేం మాత్రం ఉడికిపోవాలి, అంతేగా? ఆ తాళ్ళేవో నేనే లాగుతాను, ముందు నా కూలరు నాకియ్యండి!" అంది అమ్మ.

ఇంజను స్టార్ట్ చేస్తే, చల్లగా ఉంది కాబట్టి ఫ్యాన్ బద్ధకంగా తిరిగింది. సర్దార్ అంకుల్ చుట్టిన న్యూస్‌పేపర్ అడ్డంపెట్టి దాన్ని ఇట్టే ఆపేసి, "ఇది పంఖా కాదు ఉస్తాద్, సర్కారీ బాబు. నెత్తిన నిప్పు పెడితే గానీ కదలదు," అన్నాడు. నాన్నగారు బానెట్ దించేసి చేతులు తుడుచుకున్నారు.

ఆ రోజు బ్యాండు మోగింది. ఆచారం కాబట్టి తాళ్ళు కట్టారు గానీ, అవి వదులుగా నేలని ఊడ్చాయి. నాన్నగారి మెడలో దండలు, చేతిలో స్టీరింగు, పక్కన నేను, నా చూపంతా వేడి చూపే ముల్లు మీద. సగం దారిలో ముల్లు ఎర్రగీత వైపు పాకింది. అంతలో ముందునుంచి 'గుయ్యి'మంటూ విమానం లేచినంత హోరు! క్లచ్ పట్టుకుంది. పక్కకొచ్చి వింటున్న సర్దార్ అంకుల్ పాదాల దగ్గర దుమ్ము తుఫానుగా లేచింది, బ్యాండువాడి టోపీ ఎగిరింది, ఆగ్రాలో బట్టలు ఆరిపోయాయి. ముల్లు బుద్ధిగా వెనక్కి దిగింది. ట్రక్కు గేటు దాటి, మా క్వార్టర్స్ దాకా, ఎవరూ లాగకుండా తన కాళ్ళ మీద తాను నడిచొచ్చింది. మా నాన్నగారు అంత పొడుగ్గా నాకెప్పుడూ కనబడలేదు.

ఇక కల్పించింది. ఆగ్రా బట్టలు మీరే తీసేసుంటారు, అది లెక్కలోకి రాదు. టోపీ ఎగిరిన మాట నిజం. అబద్ధమల్లా, ట్రక్కు తనంతట తాను ఇంటిదాకా వచ్చిందనడం. గేటుకి కాస్త ఇవతలే, ఇంజను భేషుగ్గా నడుస్తుండగా, నాన్నగారే తాళం తిప్పి ఆపేశారు. హోరు తగ్గి ఫ్యాన్ ఆగింది. తల బయటపెట్టి, "అబ్ ఖీంచో, యార్, ఇప్పుడు లాగండి" అన్నారు. సర్దార్ అంకుల్ కళ్ళు తుడుచుకుని తాడు భుజానికెత్తుకున్నాడు. అందరూ కలిసి ఆయన్ని గేటు దాటించారు. లాగించుకోవడం చిన్నతనమనుకునే వయసు నాది, అందుకే ఇన్నేళ్ళూ ఆ ముక్క మింగేశాను.

ఇంకొన్నాళ్ళకి నేనూ రిటైరవుతాను. ఆ రోజూ నా కారు నేనే నడుపుకుంటూ ఈ బేస్‌మెంట్‌లోకే వస్తాను. ఏదీ ఉడకదు, ఏ ఫ్యాన్ ఎప్పుడు తిరిగిందో, ఎప్పుడు ఆగిందో ఎవరికీ పట్టదు. అంతా చల్లగానే ఉంటుంది. నేను ఇంజను ఆపేసి తల బయటపెడితే, తాడు భుజానికెత్తుకునేవాళ్ళే ఉండరు.