ఆ గడిలో ఏముంది?

నోంగ్ సెవెరోకి కోపం రావడానికి మనిషి అక్కర్లేదు, ఒక ఖాళీ గడి చాలు. ఇలోయిలో అనే ద్వీపసీమ తీరాన ఉన్న ఒక ఊరి తుఫాను సహాయ కేంద్రానికి జనం ఫోన్ల నుంచి పంపే సందేశాలన్నీ ఆయన ముందున్న ముసలి కంప్యూటర్లో, టెక్స్ట్ ఎడిటర్‌లో పడతాయి. అక్షరాలు బాగానే వస్తాయి. చివర్న అతికించే నవ్వులూ ఏడుపులూ దండాలూ మాత్రం ఉత్త గడులై కూర్చుంటాయి. గడి కనబడగానే ఆయన తెర మీద ఒక్కటిచ్చి, పంపినవాళ్లకి ఫోన్ చేస్తాడు.

“ఏమయ్యా, చివర్న ఏం పెట్టావు?”

“చేప, నోంగ్.” పెద్దవాళ్లని అక్కడ అలాగే పిలుస్తారు, మగవాళ్లని నోంగ్, ఆడవాళ్లని నాంగ్.

“ఏం చేప?”

“ఫోన్లో ఒకటే చేప ఉంటుంది నోంగ్!”

“పడవ పోయిందని రాసి చేప పెడతావా? బుద్ధుందా నీకు? పిల్లలు తిన్నారా?”

ఇలా గడికి పది నిమిషాలు. మొన్నటి తుఫాను పొద్దున కేంద్రం అధికారి వచ్చి, పక్క బల్ల దగ్గరి రోవెనాకి తేల్చి చెప్పాడు. “పన్నెండుకల్లా ఎవరెవర్ని తేవాలో పడవలకి జాబితా కావాలి. ఆ గడులు బాగుచెయ్. లేకపోతే ముసలాయన్ని బియ్యం గోదాముకి పంపేస్తా.”

ఆయన గోదాముకి పోతాడంటే రోవెనాకి దిగులేసింది. ఎడిటర్లో ఫాంటు మార్చింది, గడులు కదల్లేదు. ఫైలు ఇంకో పద్ధతిలో తెరిచింది. గడుల పక్కన ప్రశ్నార్థకాలు కూడా మొలిచాయి. ఆ యంత్రంలో ఎమోజీల ఫాంటే లేదని చివరికి తెలిసింది. తెచ్చి ఎక్కించింది. పేజీ నిండా పసుప్పచ్చ ముఖాలు!

“ఇక ఎవరినీ అడగక్కర్లేదు నోంగ్. ఇదిగో, రేవు వీధి ముసలావిడ నాంగ్ కొన్సింగ్. ‘కప్పు లేచిపోయింది, నీళ్లొచ్చాయి, బాగానే ఉన్నాం’ అని రాసి పగలబడి నవ్వుతోంది,” అంటూ ఆ పేరు ‘క్షేమం’ కింద రాయబోయింది.

నోంగ్ సెవెరో లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది.

“నవ్వుతోందా? ఈ ఊళ్లో నవ్వకుండా మునిగినవాడెవడు ఇందాయ్, పిల్లా? మొగుడి చావు కబురు పంపినా చివర్న పళ్లికిలిస్తారు, మనకి బరువు కాకూడదని! గడి ఉంటే అడుగుతాం. ఈ పళ్లు చూస్తే నమ్మేస్తాం! తీసెయ్ నీ ముఖాలు!”

ఫోన్ కలిపాడు. “కొన్సింగ్! నవ్వాపి చెప్పు, నీళ్లెంతవరకు?”

అవతల నవ్వు వినబడింది. కాసేపటికి ఆగింది. “నడుం దాటాయి సెవెరో. మా ఆయన్ని బీరువా మీద కూర్చోబెట్టాను. మీకెందుకు ఇబ్బందని...”

“ఇబ్బంది! నీ మొహం! అక్కణ్నుంచి కదలకు!”

మొదటి పడవ రేవు వీధికే వెళ్లింది.

రోవెనా ఫాంటు తీసేసింది. గడులున్న సందేశాల్లో సగం తన వంతుకి లాక్కుని తనూ ఫోన్లు మొదలుపెట్టింది. పన్నెండుకి జాబితా చేతికి రాగానే అధికారి అడిగాడు, “గడులు బాగయ్యాయా?”

“మొండి రోగం సార్. కుదిరేలా లేదు,” అంది రోవెనా.

జాబితా అందింది కాబట్టి అధికారి గోదాము ఊసెత్తలేదు.

మర్నాడు కొన్సింగ్ సందేశం వచ్చింది: ‘ఒడ్డున పడ్డాం సెవెరో.’ చివర్న గడి. తెర మీద ఒక్కటి పడింది.

“మళ్లీ ఏం పెట్టావు?... ఏంటీ? వయసెంత నీకు? మీ ఆయన పక్కనే ఉన్నాడా?... ఆయనే పెట్టమన్నాడా!”

ఫోన్ పెట్టేసి, చెవులదాకా ఎర్రబడి కూర్చున్నాడు.

“ఏం బొమ్మ నోంగ్?”

“ముద్దు!” అని గర్జించాడు. “చూస్తావేం? క్షేమం అని రాసుకో!”