సంగటి ఆవిరికి విడిన పేజీలు

మా అత్తగారు పోయిన మరునాడు ఇంటినిండా బంధువులు కూర్చుని ఉండగా, మా వీధి చివరి వాచనాలయం జవాను వచ్చి గడప బయట నిలబడ్డాడు. పరామర్శకు వచ్చాడనుకొని లోపలికి రమ్మన్నాను. అతను తలగుడ్డ తీసి చేతిలో నలుపుకుంటూ, "అమ్మా, పెద్దమ్మ తెచ్చుకొన్న పుస్తకం ఏదన్నా ఇంట్లో ఉండాదేమో చూసి రమ్మన్నారు అధ్యక్షులు" అన్నాడు.

నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. ఆడవాళ్ళకు పుస్తకాలు ఇంటికివ్వకూడదని తీర్మానం చేసిందే ఆ అధ్యక్షులవారు. ఆ తీర్మానం పుట్టిందే మా అత్తగారి మూలంగా. ఆనాటినుంచి మా గడప దాటి వాచనాలయం పుస్తకం ఒక్కటీ లోపలికి రాలేదు. తాము చేసిన కట్టడి తమకే గుర్తులేని పెద్దమనుషుల్ని ఆమె ఉంటే ఏమనేవారో నాకు బాగా తెలుసు. ఆమె లేరు కనుక, పాఠకులారా, ఆ విసుగంతా ఇప్పుడు నా నెత్తిన పడింది.

ఆమె పుట్టిల్లు కన్నడ సీమలో బాగేపల్లి తాలూకా పాతపాళ్య. ఆ ఊళ్ళో ఆడపిల్లలకు బడి లేని కాలంలో తాతగారి పక్కన కూర్చుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నారు. తాతగారు పైకి చదివేవారు, ఈమె వెంట చదివేవారు. అందుకే జీవితాంతం ఆమెకు మనసులో చదువుకోవడం రాలేదు. పెదవి కదలకపోతే అర్థం కాదనేవారు. మెట్టిన ఊరు చింతామణిలో మా ఇంటి ఏర్పాటు కూడా అందుకు తగ్గట్టే ఉండేది: పొయ్యి దగ్గర పీటమీద కూర్చుని ఆమె చదవాలి, నేను సంగటి కెలకాలి. కథలో మనుషులు తెలివితక్కువ పని చేస్తే పుస్తకం మూసి వాళ్ళను తిట్టి, మళ్ళీ తెరిచేవారు. ఎవరైనా పుస్తకం బాగుంది అంటే మండిపడేవారు. "బాగుండాది అంటే ఏమే? అదేమన్నా వంకాయ కూరా? ఏమి బాగుండాదో చెప్పు" అని నిలదీసేవారు. చెప్పేదాకా వదిలేవారు కాదు.

పుస్తకమంటే ఆమెకు ఎంత గౌరవమంటే, పేజీ మూల మడిచినవాళ్ళను మనుషుల్లో జమకట్టేవారు కాదు. గుర్తుకు చీర అంచునుంచి లాగిన దారం పెట్టేవారు. అటువంటి మనిషి పుస్తకాన్ని తీసుకెళ్ళి సంగటి కుండమీద పట్టారంటే, అంతదాకా తెచ్చినవాళ్ళ ఘనతే అది.

యుద్ధం రోజులు. కాగితం కరువు. వాచనాలయంలో తెలుగు పుస్తకాలకు అర బీరువా ఉండేది, కొత్తవి వచ్చేవి కావు. వచ్చిన ఒకే ఒక్క నవల కోసం మా వీధి ఆడవాళ్ళంతా వరుసలో కాచుకున్నారు. మా వంతు వచ్చింది. మొగుడు కొడుతుంటే ఓర్చుకుంటున్న ఒక ఇల్లాలి కథ. అత్తగారు మంచి ఊపుమీద చదువుతూ చదువుతూ ఒక వాక్యం సగంలో ఆగిపోయారు. తర్వాతి పేజీలు కొన్ని ఒకదానికొకటి అంటుకుని అట్టలా ఉన్నాయి. ఎవరో పిల్లలు పాయసం ఒలకబోశారనుకొని ఇద్దరమూ నొచ్చుకున్నాం.

మర్నాడు జవానును అడిగితే అసలు సంగతి చెప్పాడు. "ఆ పేజీలు సంసారులు చదవతగినవి కావని ఎవురో అర్జీ ఇచ్చినారమ్మా. కమిటీవాళ్ళు మైదా బంకతో అంటించమన్నారు. చించలేదు కదా, అంటించినాము, అంతే."

"కమిటీలో ఎవురు చదివినారప్పా ఆ పేజీలు?" అన్నారు అత్తగారు.

జవాను నవ్వేశాడు. కమిటీలో అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో చదివింది మాత్రం కన్నడం. తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. అర్జీ ఇచ్చినాయన వేలు పెట్టి చూపిన పేజీలకు బంక పూశారు.

ఆ బంకతో ఏమి లాభం కలిగిందో మా వీధివాళ్ళను అడగాలి. చదవని పేజీల గురించి అంతకు ముందు ఎవరికీ పట్టలేదు, అంటించాక అందరికీ అదే ధ్యాస. ఇల్లాలు బస్సు డ్రైవరుతో లేచిపోయిందని ఒకామె ఖాయం చేసింది. మొగుడికి మందు పెట్టిందని మరొకామె. బావి దగ్గర ఇంకా ఏమేమి అనుకున్నారో ఇక్కడ రాయను. అత్తగారు తల పట్టుకున్నారు. "రాసినాయన రాయని బూతంతా వీధి రాసుకొంటాండాది. దీనికంటే చదువుకోనిస్తే ఏం పోతాండె వీళ్ళకు?"

ఒకనాటి పొద్దున ఎసరు మరుగుతుంటే ఆమె పుస్తకం పట్టుకొని వచ్చి, మూత తీయమన్నారు. ఆవిరి చేతికి కొట్టకుండా కొంగు చుట్టుకుని, పేజీల అంచు మాత్రమే తగిలేటట్టు పట్టి, బంక మెత్తబడిన కొద్దీ ఒక్కొక్కటీ విడదీశారు. పురుటి బిడ్డకు స్నానం చేయించేటప్పుడు కూడా ఆమె అంత భయపడలేదు. ఆరాక పీటమీద కూర్చుని చదివారు. ఆ ఇల్లాలు చెంబుడు నీళ్ళు తాగింది. రెండు చీరలు మూట కట్టుకుంది. ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎదురింట్లో ఇచ్చి, "ఆయన వస్తే ఇవ్వండి" అని చెప్పింది. మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి రోడ్డుమీదికి వచ్చి బస్సు కోసం నిలబడింది. అంతే.

"ఇంతేనా అత్తా?" అన్నాను.

"బస్సు కూడా ఇంకా రాలేదు కదే!" అని ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నారు. "దీనికా బంక పూసింది?"

మళ్ళీ అంటించి ఇచ్చేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాను నేను. మా ఆయన కూడా బతిమాలాడు. ఆయన పంతులుగా పనిచేసే బడికి కూడా వాచనాలయం అధ్యక్షులే పెద్ద. "అమ్మా, నా పనికి మోసం వస్తాది" అన్నాడు.

"నువ్వు పంతులువే కదప్పా. పుస్తకం చదివినందుకు పని పోతే ఇంక బడి ఏంటికి?" అన్నారు ఆమె. కొడుకు ముఖం చూసి, "నీ పేరు ఎత్తనులే" అని మెల్లగా చేర్చారు. ఆ రాత్రి మా ఆయన సరిగా తినలేదు.

కమిటీ కూర్చున్నరోజు ఆమె వెళ్ళి, మీకు అక్షరాలు రావు కనుక నేనే చదువుతాను వినండప్పా అని, నీళ్ళు తాగడం మొదలుకొని రోడ్డుమీద నిలబడడం దాకా ఆగకుండా చదివారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. అధ్యక్షులు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇందులో ఏమీ లేదు కదమ్మా" అన్నారు.

"లేదని నాకు తెలుసు. మీకు తెలియల్లనే చదివినా."

ఇంక తప్పు ఒప్పుకోవడమొక్కటే మిగిలి ఉంది. అది పెద్దలకు చేతకాలేదు. గంటసేపు మాట్లాడుకుని, పుస్తకాలు ఇళ్ళకు వెళ్ళడం వల్లనే ఈ గొడవలన్నీ వస్తున్నాయనీ, ఇకమీదట ఆడవాళ్ళకు ఇంటికి పుస్తకాలు ఇవ్వవద్దనీ తీర్మానించారు. పేజీల సంగతి మరిచేపోయారు. మా ఆయన పనికి ఏమీ కాలేదు గానీ, బెంగతో సగమైపోయాడు.

వీధి ఆడవాళ్ళు కమిటీని ఏమీ అనలేదు. అత్తగారినే అన్నారు. "నీ పౌరుషానికి మా పుస్తకాలు పాయె కదమ్మా" అని మొహంమీదే అన్నారు. కమిటీ మీద ఆమెకు కోపం వచ్చింది గానీ, ఈ మాటకు మాత్రం గాయపడ్డారు. ఆ పూట పీటమీద ఊరికే కూర్చున్నారు. చదవడానికి ఏమీ లేదు. నేను సంగటి కెలుకుతుంటే కట్టె చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ వినపడలేదు.

మరుసటి రోజు ఉతికిన చీర కట్టుకుని ఆమె వాచనాలయానికి వెళ్ళి, పేపర్లు చదివే మగవాళ్ళ పక్క బల్లమీద కూర్చుని నవల అడిగారు. జవాను తికమకపడ్డాడు.

"ఇంటికి ఇయ్యకూడదన్నారమ్మా."

"ఇంటికెవురు పోతాండారప్పా? ఈడే చదువుతా. కూచోకూడదని రాసినారా?"

రాయలేదు. ఆడది వచ్చి అక్కడ కూర్చుంటుందని వాళ్ళకు తోచి ఉండదు. జవాను నవల తెచ్చి ఇస్తే, ఆమె గుర్తుకు పెట్టిన దారం తీసి, అలవాటుగా, పెద్ద గొంతుతో మొదలుపెట్టారు. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు విసుక్కుని లేచి వెళ్ళారు. మిగిలినవాళ్ళు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు గానీ పేజీ తిప్పడం మానేశారు. వారం తిరిగేసరికి, ఆమెను తిట్టిన ఆడవాళ్ళే కిటికీ బయట నిలబడి విన్నారు. ఆ తర్వాత లోపలికి వచ్చి, ఒళ్ళో చింతపండు పెట్టుకుని గింజలు తీసుకుంటూ కూర్చున్నారు. అంటించిన పేజీలు ఒక్కరికీ తెలియకూడదనుకున్నారు, ఊరంతా విన్నది. అప్పటినుంచి చిన్న జ్వరంతో మంచం పట్టేదాకా, ఆమె మధ్యాహ్నాలు అక్కడే గడిచాయి. ఆ తీర్మానాన్ని ఇప్పటికీ ఎవరూ రద్దు చేయలేదు. అడిగితే, అటువంటిది ఉందా అంటారు.

కర్మలన్నీ అయ్యాక నేను వాచనాలయానికి వెళ్ళాను. మా ఇంట్లో మీ పుస్తకం ఏదీ లేదని అధ్యక్షులవారికే గట్టిగా చెప్పాలని వెళ్ళాను. ఆయన రాలేదు. ఆడవాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఒళ్ళో ఏదో పని పెట్టుకుని కూర్చున్నారు. బల్లమీద ఆమె చోటు ఖాళీగా వదిలిపెట్టారు.

జవాను ఏమీ అడగకుండా పాత నవల తెచ్చి నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోకముందే, ఆవిరికి ఉబ్బిన ఆ పేజీల దగ్గర అది దానంతట అదే తెరుచుకుంది. ఎప్పుడూ అక్కడే తెరుచుకుంటుందట. ఇల్లాలు తాళంచెవి ఎదురింట్లో ఇచ్చి, ఎండలో రోడ్డుమీద నిలబడి ఉంది.

"పైకి చదవమ్మా" అన్నారు వెనకనుంచి ఎవరో.