తిండిని తిట్టే చిన్నతల్లి అత్త

మా చిన్నతల్లి అత్త మనుషుల్ని తిట్టదు, తిండిని తిడుతుంది. అదీ మనసులో కాదు, నలుగురి ముందూ, పేరు పెట్టి, చెయ్యి తిప్పి మరీ.

ఓరోజు మలేసియాలో మా బాగన్ దాతుక్‌లో రెంగసామి కొట్లో కూర్చుని, శెనగల కూరతో రొట్టి చనాయ్ అనే పొరల మైదా రొట్టె తింటున్నాను. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో, నా పళ్లెం మీదికి వంగింది.

"ఒసే మైదా! ఇలా నోట్లోకెల్లి అలా రగతంలోకి దూకుతావు. సిగ్గు నేదా?"

పక్కనున్న డబ్బాపాల టీనీ వదల్లేదు. "నువ్వు మరీనూ! నమిలే పని నేదని ఇంకా బేగి పరిగెడతావా?"

తర్వాత గొంతు తగ్గించి, "శెనగలు గారూ, తవరు మంచోరు. నిదానంగా అరుగుతారు, కడుపు నిండా ఉంటారు," అంది.

"ఆ అమ్మ మీకు తెలుసా లా?" అన్నాడు రెంగసామి, మా ఊరి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

"ఎవరో పిచ్చావిడ," అన్నాను. ఒళ్లు మండదూ మరి!

ఇంతలో మా తమ్ముడు కిశోర్‌కుమార్‌కి షుగర్ వచ్చింది. వచ్చే నెలకి దిగకపోతే ఇన్సులిన్ సూదులే అన్నాడు డాక్టరు. లారీ బ్రేకులు పోయినా బెదరనివాడు సూదంటే గజగజ వణుకుతాడు. ఇక చూడండి, చుట్టాలంతా డాక్టర్లైపోయారు! ఒక్కరూ తమ పొట్ట చూసుకున్న పాపాన పోలేదు.

తెలుక్ ఇంటాన్ ఊళ్లో చుట్టాల పెళ్లి. వాడి ఆకులో అన్నం పడిందో లేదో, "కాలు తీసేత్తారొరేయ్!" అన్నాడు పెద్దయ్య.

"సొక్కా గుండీలు సూడు, ఎలా పిగిలిపోతన్నాయో!" అంది ఇంకో చుట్టం శాంతాదేవి, చేతిలో జిలేబీతో.

వాడి మొహం మాడిపోయింది. ఆకు మడిచి లేవబోయాడు. ఎక్కడికెళ్తాడో నాకు తెలుసు. లారీలో బన్నులూ, తియ్యటి కూల్‌డ్రింకులూ దాచుకున్నాడు. ఇక సూది తప్పదనుకున్నాను.

అప్పుడొచ్చింది మా అత్త. మడిచిన ఆకు విప్పింది.

"ఏటే తెల్లమొకమా! మా గుంటడు కూకోగానే తిష్ఠేసినావా? కూరలు గారు రానేదు, పప్పు గారు రానేదు, నీకేటి తొందర? ఎనక్కి పో!"

అన్నాన్ని ఆకు చివరికి నెట్టేసింది. కిశోర్‌కి నవ్వాగలేదు, కూలబడ్డాడు. కూరలు తిన్నాడు, పప్పు తిన్నాడు, శెనగలు రెండోసారి అడిగాడు. అప్పుడు, "ఇక నువ్వు రా, కూసింతే!" అని అన్నాన్ని పిలిచింది. రెండు ముద్దలకే వాడు చాలన్నాడు.

చేతులు కడుక్కుంటూ అడిగాను. "తప్పు వాడిదైతే అన్నాన్ని తిడతావేంటత్తా?"

"సుగరొచ్చినప్పుడు మీ మావని తిట్టినానురా. ఊరంతా తిట్టినారు. దాక్కుని తిన్నాడు. కాలి ఏళ్లు పోయేదాకా నాకు తెలీనేదు. మనిషికి రోసం ఉంటది, లేసిపోతాడు. అన్నం ఎక్కడికి పోద్ది?"



ఆ నెలంతా కిశోర్ ఆమె చెప్పిన వరసలోనే తిన్నాడు. బన్నులు లారీ దిగిపోయాయి. నెలాఖరున ఆసుపత్రి నుంచి తిన్నగా నేనున్న రెంగసామి కొట్టుకొచ్చి అత్తకి ఫోన్ చేశాడు. "అత్తా, సూది తప్పింది!"

"నాకెందుకురా? శెనగలు గారికి సెప్పు."

కొట్లో అందరూ చూస్తుండగా వాడు శెనగల గిన్నెకి చేతులు జోడించాడు.

"ఇతనికీ ఆ పిచ్చేనా లా? ఎవరంటించారు?" అన్నాడు రెంగసామి.

"మా అత్త!" అన్నాను గట్టిగా. నా రొట్టిని పక్కకి నెట్టి, "నువ్వాగవే!" అన్నాను.