ఎమిల్ నింపిన తూటాలు

బుధవారం సాయంత్రాలు వాగు అవతలి నుంచి పేలాలు వేగుతున్నట్టు చప్పుడు వచ్చేది. బెర్నడీన్ హుడాక్ వంటగదిలో గిన్నెలు కడుగుతూ, ఆ చప్పుడును బట్టే గన్ క్లబ్బుకు ఎవరెవరు వచ్చారో చెప్పగలిగేది. ఆ చలికాలం మాత్రం చప్పుడు చిక్కిపోయింది. ఒక్క దెబ్బ. కొండ దాన్ని నెమరు వేసుకుని మింగేసేంత సేపు నిశ్శబ్దం. మళ్ళీ ఒక్క దెబ్బ.

తూటాలు దొరకడం లేదు. కోవిడ్ మొదలైన వేసవికే దుకాణాల్లో అరలు ఖాళీ అయ్యాయి. సరుకు లారీ వచ్చే రోజున జనం చీకటితోనే లేచి, మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కుల్లో కాఫీతో దుకాణం గుమ్మం ముందు కూచునేవాళ్ళు. మనిషికి ఒక్క డబ్బా. అందుకని తుపాకీ ముఖం చూడని అత్తగార్లను కూడా తీసుకొచ్చి వరుసలో నిలబెట్టేవాళ్ళు. ఒకప్పుడు పేల్చాక రాలిన ఖాళీ ఇత్తడి గుల్లలను కాళ్ళ కింద వదిలేసి ఇంటికి పోయిన మగవాళ్ళు ఇప్పుడు క్లబ్బులో మోకాళ్ళ మీద పాకుతూ, బల్లల కింద టార్చిలైటు వేసి, మళ్ళీ నింపుకోవచ్చని తమవీ పక్కవాళ్ళవీ కలిపి ఏరుకునేవాళ్ళు. కొందరు ఖాళీ తుపాకీనే గురిపెట్టి టిక్కుమని నొక్కి, గురి తగిలిందన్నట్టు తల ఆడించేవాళ్ళు. ఎవరి దగ్గర ఎన్ని మిగిలాయో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడిగితే ఎదుటివాడు అబద్ధం చెప్పాల్సి వస్తుందని అందరికీ తెలుసు.

బెర్నడీన్‌కు ఆ కరువు లేదు. ఆమెకు ఎమిల్ ఉన్నాడు. ఎమిల్ అంటే ఇప్పుడు నేలమాళిగలో అరల నిండా ఉన్న తూటాలు. మనిషి ఏప్రిల్‌లోనే పోయాడు.

ఎమిల్ హుడాక్ గాజు ఫ్యాక్టరీలో అచ్చులు చేసేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇంటి కింద నేలమాళిగలో ఒక బల్ల వేసుకున్నాడు. పేల్చేసిన ఇత్తడి గుల్లలను కడిగి, అడుగున చిన్న నిప్పుబిళ్ళ నొక్కి, తుపాకీ మందు తూచి పోసి, పైన సీసపు గుండు బిగించేవాడు. చచ్చిన తూటాకు మళ్ళీ ప్రాణం పోస్తున్నానని నవ్వేవాడు. ఆ లోయలో చాలామంది సొంత తూటాలు నింపుకునేవాళ్ళే. అయితే ఒక కట్టుబాటు ఉంది. ఇంకొకడు నింపిన తూటాను నీ తుపాకీలో పెట్టకూడదు. గురి నేర్పడానికి ముందే తండ్రులు పిల్లలకు ఈ మాట నేర్పుతారు. ఆ కట్టుబాటును లోయ మొత్తం ఒక్క మనిషి విషయంలో సడలించింది. ఎమిల్ నింపాడంటే ఎవరైనా కళ్ళు మూసుకుని వాడేవాళ్ళు.

స్కూలు వంటశాలలో పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తీ ఎత్తీ బెర్నడీన్ మణికట్టు పాడైంది. ఆమె రివాల్వరు కోసం ఎమిల్ మందు తగ్గించి, తేలికపాటి తూటాలు విడిగా నింపేవాడు. అవి పేలితే చెయ్యి అదిరేది కాదు. పక్కన నిలబడి ఎవరో మెల్లగా భుజం తట్టినట్టుండేది. ఆయన పోయాక కూడా ఆమె ప్రతి బుధవారం గిన్నెల పని అయ్యాక క్లబ్బుకు వెళ్ళడానికి కారణం అదే. ఆ చేయి ఇంకా తట్టేది.

చివరి ఏడాది ఎమిల్ కాఫీలో ఉప్పు వేసుకున్నాడు. ఒక ఆదివారం చర్చి మెట్ల మీద నిలబడి, ఇంటికి ఎటు వెళ్ళాలో తెలియక ఆమె వైపు చూశాడు. ఆ చూపు గురించి బెర్నడీన్ ఎవరికీ చెప్పలేదు. ఆయన మాట మధ్యలో ఆగిపోతే తాను అందుకుని పూర్తిచేసేది. ఎవరైనా అడిగితే నిద్ర సరిగా లేదనేది. నేలమాళిగలో బల్ల ముందు కూచుంటే మాత్రం మనిషి మునుపటి మనిషే అనుకునేది. చేతులకు జ్ఞాపకం ఉంటుందిలే అనుకునేది.

జింకల వేట మొదలయ్యే ముందు వారం క్లెమ్ యానొసిక్ వచ్చాడు. ఫ్యాక్టరీలో ఎమిల్ పక్కనే నిలబడి జీవితమంతా గడిపిన మనిషి. చేతిలో భార్య చేసిన అక్రోటు రొట్టె. కూచుని కాఫీ తాగాడు. మోకాలు ఎలా ఉందని అడిగాడు. చిమ్నీ గురించి అడిగాడు. వంగి పిల్లిని కూడా నిమిరాడు.

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఆ పిల్లి ముఖం చూశావా నువ్వు? అసలు సంగతి చెప్పు క్లెమ్," అంది బెర్నడీన్.

"ఏం లేదే బెర్నీ. వాడివి ఏమైనా మిగిలాయేమోనని."

"ఏం మిగిలాయి? చొక్కాలా?"

"తెలిసీ ఏడిపిస్తావు."

"నువ్వు ఈ నెలలో నాలుగోవాడివి. చావు రోజున ఒక్కడూ గుమ్మం దాకా రాలేదు. ఇప్పుడు రొట్టెలు పెట్టడానికి నా ఫ్రిజ్‌లో చోటు లేదు."

"చావు రోజున కోవిడని రానిచ్చారా మమ్మల్ని? కారులో కూచుని చూశాను, వానలో. నీకు తెలీదు." క్లెమ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "పేల్చడానికి కాదు. వాడి చేతి పని ఒకటి ఇంట్లో ఉంటే బాగుంటుందని. అంతే."

ఆ కారు మాట ఆమెను మెత్తబరిచింది. నేలమాళిగలోకి దిగి, కాఫీ డబ్బా నిండా తేలికపాటి తూటాలు పోసి తెచ్చింది. చివర్లో నింపినవి ముందు వరసలో ఉన్నాయి కాబట్టి అవే చేతికి వచ్చాయి.

జనవరిలో ఒక బుధవారం, మంచు పట్టిన క్లబ్బు షెడ్డులో ఆమె తన చోట నిలబడి పేల్చింది. ఢామ్మనాల్సింది టప్పుమంది. తడి గుడ్డ నేల మీద పడ్డట్టు. భుజం మీద ఏ చెయ్యీ పడలేదు.

"ఆపండి. అందరూ ఆపండి," అని కేక వేశాడు క్లబ్బు చూసుకునే మైలో. నలభై దాటినవాడు. చిన్నప్పుడు ఆమె వడ్డించిన స్కూలు భోజనం తిని పెరిగినవాడు. ఆమె చేతిలోంచి రివాల్వరు మెల్లగా తీసుకుని, గొట్టంలో కడ్డీ పెట్టి చూశాడు. కడ్డీ సగం దూరం వెళ్ళి ఆగింది.

"గుండు లోపలే ఇరుక్కుంది మిసెస్ హుడాక్. మందే పడలేదు ఇందులో. అడుగున ఉన్న బిళ్ళ ఒక్కటే దాన్ని ఇంతదాకా తోసింది." అతను గొంతు తగ్గించాడు. "చప్పుడు తేడా వినకుండా ఇంకోటి పేల్చి ఉంటే గొట్టం పగిలి మీ ముఖం మీదికి వచ్చేది. ఎవరు నింపారివి?"

"ఎమిల్."

"కాదులెండి. ఎమిల్ గారివి ఇలా ఉండవు. ఎవరో కలిపేసి ఉంటారు."

అవునని తల ఊపడం ఎంత తేలిక. ఆమె తల ఊపలేదు, కాదనలేదు. తుపాకీని అతని దగ్గరే వదిలేసి వాగు దాటి ఇంటికి వచ్చింది.

మర్నాడు స్కూలు వంటపని నుంచి రాగానే ఎమిల్ స్టూలు మీద కూచుంది. తూటాలు విప్పే సుత్తి ఉంటుంది. తూటాను అందులో బిగించి కొడితే గుండు ఊడి, మందు బయటికి వస్తుంది. ఒక్కొక్కటే విప్పి, మందు త్రాసులో పోసింది. పాత డబ్బాలన్నీ సరిగ్గా ఉన్నాయి. చివరి ఏడాదివి విప్పడం మొదలుపెట్టాక ఒకదాంట్లో అసలు మందు లేదు. తర్వాత వరసగా చాలావాటిలో ఉండాల్సినంత ఉంది. ఆ తర్వాత ఒకదాంట్లో రెండింతలు పడింది. మళ్ళీ సరిగ్గా. మళ్ళీ ఏమీ లేదు.

అన్నీ తప్పుగా ఉంటే బాగుండేది. ఇది అలా కాదు. ఇక్కడ ఎమిల్ ఉన్నాడు. ఇక్కడ లేడు. ఇక్కడ మళ్ళీ వచ్చాడు, దీపం వెలిగించుకుని, ఏం చేస్తున్నాడో తెలిసి. ఇక్కడ మందు పోశానో లేదో తెలియక ఆగి, ఇంకోసారి పోశాడు. ఆ మనిషి ఈ గదిలో ఒక్కడే చీకట్లోకి పోయి వెలుగులోకి వచ్చిన ప్రతి రాకా ప్రతి పోకా ఇత్తడిలో మూతపడి ఉంది. పైన వంటగదిలో తాను రేడియో వింటూ, కింద ఆయన బాగానే ఉన్నాడు కదా అనుకుంది.

అప్పుడు గుర్తొచ్చింది కాఫీ డబ్బా.

క్లెమ్ తలుపు తీసి ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకున్నాడు.

"డబ్బా ఇచ్చెయ్. అవి మంచివి కావు."

"వాడివి మంచివి కాకపోవడమేంటి?"

"చివర్లో ఎమిల్‌కు మతి ఉండేది కాదు క్లెమ్. నేను దాచాను. కొన్నిట్లో మందు లేదు, కొన్నిట్లో రెండు రెట్లు పడింది. ఏది ఎలాంటిదో పైకి తెలీదు. డబ్బా ఇచ్చెయ్."

క్లెమ్ కుర్చీలో కూలబడ్డాడు. "నా దగ్గర లేవు," అన్నాడు.

"గుర్తుగా ఉంచుకుంటానన్నావు."

"ఉంచుకోవాలనే అనుకున్నాను. రైఫిలుకు ఒక్క తూటా లేదు బెర్నీ. జింక పడకపోతే చలికాలమంతా మాంసం ఎక్కడిది మాకు? ఫైర్ హాలు సంతలో ఒకాయన దగ్గర రైఫిలు తూటాలున్నాయి. మార్చుకున్నాను."

"ఎవరాయన?"

"తెలీదు. ఎర్ర ట్రక్కు. అవతలి జిల్లా మనిషిలా ఉన్నాడు. మూతికి గుడ్డ కట్టుకున్నాడు, ముఖం ఏం చూస్తాం. పక్కన కూతురుంది. పదమూడు పద్నాలుగు ఉంటాయేమో. దానికి అప్పుడప్పుడే కాల్చడం నేర్పుతున్నాడంట." అతను అరచేతులతో ముఖం రుద్దుకున్నాడు. "పిల్ల చేతికి తేలిగ్గా ఉంటాయని నేనే చెప్పాను. ఆయన వద్దనే అన్నాడు, పరాయివాడు నింపినవి మేం వాడమని. ఎమిల్ హుడాక్ నింపాడని చెప్పాను. పక్క బల్లవాళ్ళను అడిగి కనుక్కున్నాడు. వాళ్ళు ఎమిల్ అయితే ఇంకేం, తీసుకోమన్నారు."

అతన్ని తిట్టడానికి వచ్చిన మాటలు బెర్నడీన్ నోట్లోనే ఆగాయి. మతి పోయిందన్న మాట ఏడాది క్రితం తన నోటి నుంచి వచ్చి ఉంటే ఆ పక్క బల్లవాళ్ళు అలా అనేవాళ్ళు కాదు.

ఆదివారం ఇద్దరూ ఫైర్ హాలు సంతకు, ఫైరింజన్ల షెడ్డు పక్క హాల్లో తుపాకులూ తూటాలూ చేతులు మారే చోటికి, వెళ్ళారు. క్లెమ్ నవంబరులో నిలబడ్డ చోటే నిలబడ్డారు. ఆమె ఎమిల్ కోటు వేసుకుంది. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి పట్టుకుంది: ఎమిల్ హుడాక్ నింపిన తూటాలు ఉంటే వాడకండి, తెచ్చివ్వండి.

ముందుగా ఒక కుర్రవాడు ఆగాడు. "అమ్ముతున్నారా, కొంటున్నారా?"

"వెనక్కి తీసుకుంటున్నాం. అవి ప్రమాదం."

"బాగుంది ఎత్తు," అని నవ్వాడు పక్కనున్నవాడు. "దుకాణంలో దొరక్కపోతే ఇలా కూడా పోగేస్తారన్నమాట. నా ట్రక్కు కూడా ప్రమాదమే, తీసుకుంటావా పెద్దమ్మా?"

చుట్టూ నవ్వులు. క్లబ్బు పాత సభ్యుడొకడు, ఎమిల్ దగ్గర ఏళ్ళ తరబడి తూటాలు తీసుకున్న పెద్దాయన, దగ్గరికి వచ్చాడు.

"బెర్నీ, ఏంటిది? చచ్చిపోయినవాడి పేరు అట్ట మీద రాసి సంతలో నిలబెడతావా?"

ఆమె మూతికి కట్టుకున్న గుడ్డ తీసేసింది. హాలంతా వినబడేలా చెప్పింది. ఎమిల్ చివరి ఏడాది తన పేరు కూడా కొన్నిసార్లు మరిచిపోయాడని, చర్చి మెట్ల మీద దారి తెలియక నిలబడ్డాడని, ఆ చేతులతోనే ఈ తూటాలు నింపాడని చెప్పింది. తాను ఇదంతా కప్పిపెట్టానని చెప్పింది. దేవుడి ముందు కూడా అలా వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"నా దగ్గర రెండు డబ్బాలున్నాయి. నేనివ్వను. ఎమిల్ మతి లేకుండా నింపినా ఈ దుకాణాలవాటి కన్నా నయమే."

"పగిలితే కళ్ళు పోతాయి."

"ఇచ్చేస్తే నాకేం మిగుల్తుంది? చెప్పు. మళ్ళీ ఎప్పుడొస్తాయో ఎవడికి తెలుసు?" ఆయన వెళ్ళిపోతూ ఆగాడు. "వాడి గురించి అలా అనాల్సింది కాదు నువ్వు."

ఎర్ర ట్రక్కు మనిషి ఆ ఆదివారం రాలేదు. తర్వాతి ఆదివారాలూ రాలేదు. అట్ట చూసి ఒకే ఒక్క ముసలామె చేతి సంచిలోంచి గుప్పెడు తూటాలు తీసిచ్చింది. చూస్తే అవి ఎమిల్‌వి కావు. క్లబ్బు గోడ మీద, పశువుల దాణా కొట్లో, పెట్రోలు బంకులో మైలో కాగితాలు అంటించాడు. వాటి కింద ఎవరో పెన్సిలుతో రాశారు: చెడ్డవి కొంటాను, ఫోన్ చెయ్యండి.

క్లబ్బువాళ్ళలో ఇప్పుడు ఆమెను పలకరించేవాళ్ళు తక్కువ. ఆమె కూడా వెళ్ళడం మానేసింది. నేలమాళిగలో చివరి ఏడాది తూటాలన్నీ విప్పేసింది. మందును పెరట్లో మంచు మీద సన్నటి గీతగా పోసి మైలో చేత కాల్పించింది. అది పేలలేదు. పసుప్పచ్చని మంటగా లేచి, ఉసూరుమని పడుకుంది.

బుధవారాలు క్లెమ్ వస్తాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఆమె క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించి హలుష్కి చేస్తుంది, అతను తింటాడు. వాగు అవతల ఒక దెబ్బ పేలగానే ఆమె చేతిలో గిన్నె ఆగిపోతుంది. నిండుగా పేలిందా, లేదా అని చెవి అటే పోతుంది. అతను కూడా ఫోర్కు పట్టుకుని ఆగుతాడు.

"నిండుగానే ఉంది," అంటాడు క్లెమ్.

"ఊఁ," అంటుంది.

మళ్ళీ ఎదురుచూస్తారు. ఈ వాగు అవతలి చప్పుళ్ళన్నీ వాళ్ళు వినగలరు. ఆ కొండ వెనక ఇంకో కొండ ఉంది. దాని వెనక, ఏదో పెరట్లో, ఒక తండ్రి కూతురి మోచేయి సరిచేస్తూ ఉంటాడు. ఇవి తేలికపాటివి, భయపడకు, మంచివాడు నింపినవి అని చెబుతూ ఉంటాడు. అక్కడి చప్పుడు ఇక్కడికి రాదు.