ముందే కళ్ళకద్దుకున్న డిఫెండర్

రంగనాథ్ ఫుట్‌బాల్ జీవితం మొత్తం మూడంటే మూడు ఆటలు. అయినా చెప్పుకోవాలి. గొప్పవాళ్ళ గురించి ఎలాగూ పేపర్లవాళ్ళు రాస్తారు.

కాకినాడ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద సింగపూర్ వచ్చాడు. వైటూకే గండం గడిచిన మరుసటేడు, చాంగీ బిజినెస్ పార్కులోని కంపెనీల మధ్య ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. మనవాడు ఆరడుగుల మనిషి కనుక డిఫెండర్‌గా నిలబెట్టేశారు. అంతకుముందు ఆ ఆటను టీవీలో చూడడమే, పాపం.

కోచ్ పేరు వాసిలే. రొమేనియా దేశం తరఫున ముప్పై ఒక్క ఆటలు ఆడిన డిఫెండర్. ఆఖరి రెండేళ్ళూ సింగపూర్ క్లబ్బులో ఆడి రిటైరై, ఇక్కడి ఎండ నచ్చి ఉండిపోయాడు. ఆయన ముక్కు రెండుసార్లు విరిగింది. ఎదుటివాళ్ళ కాళ్ళు ఎన్ని విరిగాయో మాత్రం చెప్పడు. "ముప్పై ఒక్క ఆటల్లో ఎవరికీ సారీ చెప్పలేదు" అనేవాడు, అదేదో పతకమైనట్టు.

రంగనాథ్‌కేమో చిన్నప్పుడే బామ్మ నేర్పింది. కాలు ఎవరికైనా తగిలితే వాళ్ళను చేత్తో తాకి కళ్ళకద్దుకోవాలి. మరిచిపోతే ఆ పూట అన్నం లేదు. బామ్మ పోయింది గానీ అలవాటు పోలేదు. మరి డిఫెండర్ అన్నాక కాలు తగలకుండా ఎలా కుదురుతుంది చెప్పండి?

మొదటి ఆటలో ఎదుటి జట్టు ఫార్వర్డ్ పిక్కకు కాలు తగిలింది. రంగనాథ్ వంగి, తాకి, భక్తిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి బంతి గోల్లో ఉంది. రెండో ఆటలో బంతిని శుభ్రంగానే లాక్కున్నాడు. తర్వాత కిందపడ్డవాడిని తాకి కళ్ళకద్దుకుంటే, తప్పు ఒప్పుకుంటున్నాడనుకుని రిఫరీ పెనాల్టీ ఇచ్చేశాడు. మిగతావాళ్ళ పుణ్యాన రెండూ గెలిచారు.

వాసిలేకి ఒళ్ళు మండిపోయింది. "ఫైనల్లో ఒక్కసారి వంగావా, బయట కూర్చోబెడతాను. ఆ తర్వాత ఇక నా జట్టులో నీకు చోటుండదు."

రంగనాథ్ ఇంటికొచ్చి గోడు వెళ్ళబోసుకున్నాడు. ఫైనల్‌కి కూతురు చాందిని వస్తోంది. మా డాడీ డిఫెండర్ అని క్లాసంతా చాటుకుంది.

"ఒక్క గంట ఆ చేతిని అదుపులో పెట్టుకోలేరా?" అంది భార్య తారాదేవి.

"నా మాట వింటే కదా తారా."

చాందిని హోంవర్కులోంచి తలెత్తింది. "ఇండియాకి మాట్లాడే ఫోన్ కార్డుకి మనం ముందే డబ్బులిస్తాం కదా డాడీ. అలాగే సారీ కూడా ముందే చెప్పెయ్ లా" అంది సింగపూర్ యాసలో.

అంతే. ఫైనల్ మొదలయ్యే ముందు, చేతులు కలపాల్సిన చోట రంగనాథ్ వరసగా ఎదుటి జట్టు పదకొండు మంది కాళ్ళూ తాకి కళ్ళకద్దుకున్నాడు. ఒకడు భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు. ఇక చూడండి మనవాడి వీరంగం. అడ్డొచ్చిన బంతినల్లా తన్ని పారేశాడు. ఒక్కసారి వంగలేదు. రంగనాథ్ జట్టు ఒక గోల్ ముందుంది.

ఇంకా అయిదు నిమిషాలుందనగా ఎదుటి జట్టు ఒకణ్ణి మార్చింది. గీత అవతల కొత్త ఫార్వర్డ్ గెంతుతున్నాడు. పన్నెండోవాడు. వాడికి సారీ చెప్పలేదు. మైదానం వదిలి వెళ్ళే వీలూ లేదు. రంగనాథ్ నిస్సహాయంగా తన కుడిచేతిని వాసిలేకి చూపించాడు.

వాసిలేకి అర్థమైంది. రొమేనియా భాషలో ఏదో తిట్టుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. తర్వాత ఆ కొత్తవాడి ముందు ముసలి మోకాళ్ళు వంచి, వాడి కాలు తాకి, రెండు కళ్ళకూ అద్దుకున్నాడు.

ఆఖరి నిమిషంలో ఆ పన్నెండోవాడే దూసుకొచ్చాడు. రంగనాథ్ కాలు వేశాడు. బంతి మైదానం దాటిపోయింది, వాడు కిందపడ్డాడు. రంగనాథ్ చెయ్యి సగం దాకా దిగి, గుర్తొచ్చినట్టు నడుం మీదికి వెళ్ళిపోయింది. విజిల్ మోగింది.

చాందిని పరిగెత్తుకొచ్చి మెడకు వేలాడింది. ఆమెను ఎత్తుకునే రంగనాథ్ కుళాయి దగ్గరికి వెళ్ళాడు. వాసిలే మొహం కడుక్కుంటున్నాడు.

"వాడి మేజోళ్ళు ఉతికి నెలైనట్టుంది" అన్నాడు వాసిలే. మళ్ళీ నీళ్ళు చల్లుకున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గొంతు తగ్గించి అడిగాడు.

"రంగా, ఇది రొమేనియాకి ఫోన్లో చేస్తే చెల్లుతుందా?"