నగర్తపేటలో నిప్పు లేకుండా కాలిన వేళ్ళు

థర్మోడైనమిక్స్ పేపరు రెండుసార్లు తప్పాను. బొమ్మనహళ్ళిలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే పని నాది. ముప్పై ఆరేళ్ళ వయసులో సాయంత్రం క్లాసులకు వెళ్ళి డిప్లొమా చదువుతున్నాను. మూడోసారి కూడా తప్పితే కోర్సే రద్దు. నా బుర్రకు ఎక్కనిది ఒక్కటే. వేడి లోపలికి రాకుండా, బయటికి పోకుండా మూసేసిన సిలిండర్లో గాలిని నొక్కితే దాని అంతర్గత శక్తి ఎంత మారుతుంది? వేడి ఇవ్వలేదు కదా, సున్నా అని రెండుసార్లూ దర్జాగా రాసొచ్చాను. నా గోల వినలేక మా లైను సూపర్‌వైజరు సరోజ, "నగర్తపేటలో మా పెదనాయన రాగిపని చేస్తాడు, ఒకసారి పోయి చూసి రాక్కా" అంది.

శనివారం ఉదయం ఎనిమిదికి మార్కెట్ బస్సెక్కాను. కర్ణాటక చిరునామాతో ఆధార్ ఉంటే ఆడవాళ్ళకు సున్నా రూపాయల టికెట్టు చింపి ఇస్తారు. హోసూరు రోడ్డు ట్రాఫిక్‌లో గంటంబావు పట్టింది. దిగినచోటే నిలబడి నలభై రూపాయలకు పళ్ళెమంత తట్టె ఇడ్లీ తిన్నాను. అక్కణ్ణుంచి నగర్తపేటకు పది నిమిషాల నడక. సందులోకి తిరగ్గానే సుత్తుల మోత వినిపించింది.

సరోజ పెదనాయన నారాయణప్ప అప్పటికే ఒక రాగి కడ్డీ కొడుతున్నాడు. ఆపగానే ముట్టుకున్నాను. చురుక్కుమంది.

"కొలిమిలోంచి ఇప్పుడే తీశారా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "కొలిమిలో నిప్పు యాడుండాదమ్మా? పొద్దున్నుంచీ ముట్టించనే లేదు." పక్కనున్న ఇంకో కడ్డీ నా చేతిలో పెట్టాడు. "ఎట్లుండాది?"

"చల్లగా ఉంది."

దాన్ని ఇనుప దిమ్మె మీద పెట్టి టపాటపా కొట్టి, "ఇప్పుడు పట్టుకో సూస్తాం" అన్నాడు. పట్టుకోలేకపోయాను. "నిప్పూ లేదు, ఏమీ లేదు. నా రెట్టే పొయ్యిలో కట్టె అనుకో."

కాలిన వేళ్ళతోనే పెన్ను తీసి బస్సు టికెట్టు వెనక లెక్క వేశాను. సుత్తి చేసిన పని ఐదు వందల జౌళ్ళు అనుకుందాం. గాలికీ దిమ్మెకీ పోయిన వేడి రెండు వందలు. కడ్డీ లోపల పెరిగింది మూడు వందలు. ఆ మూసేసిన సిలిండర్లోలాగా వేడి బయటికి పోయే దారే లేకపోతే, ఐదు వందలూ లోపలే! "పరీక్ష లెక్క వచ్చేసింది, పెదనాయనా!" అని గట్టిగా అరిచేశాను.

"దీనికి కూడా పరీచ్చ పెడతారా?" అని ఆయన నోరెళ్ళబెట్టాడు.

పెట్టారు. ఆ ప్రశ్నే వచ్చింది, అంకెలు మాత్రం వేరు. పోయినవారం ఫలితాలొచ్చాయి. పాసయ్యాను! ఫ్యాక్టరీలో అందరికీ మైసూరు పాకు పంచాను.

ఇన్నేళ్ళూ సుత్తీ స్పానరూ పట్టుకుని బతికిన దాన్ని, పని కూడా లోపలి శక్తిని పెంచుతుందని నా చేతులకు ఎప్పుడో తెలిసే ఉండాలి. పుస్తకం ముందు కూర్చోగానే ఆ చేతుల్ని నమ్మడం మానేశాను. ఇక మానను.

మీరూ వెళ్తే మధ్యాహ్నం లోపు, కొలిమి ముట్టించకముందే వెళ్ళండి. కడ్డీని కొట్టకముందే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మొదట ఎంత చల్లగా ఉందో తెలియకపోతే, ఎంత మారిందో ఎవరూ చెప్పలేరు.